పళ్లెం పిల్లకి ఉమ్మడి పతకం

లాగ్ 211

బ్యాటరీ ముప్పాతిక. మంచినీళ్లు సరిపోతాయి. తూర్పు గాలి. గొలుసులు బిగువుగానే ఉన్నాయి. ఓడ మునగడం లేదు. ఓడలో ఉన్నవాళ్ల బుర్రల గురించి ఆ మాట చెప్పలేను.

లాగ్‌లో ఓడ సంగతులు రాసి తీరాలని గొలుసూరు మండలి నిబంధన. రాశాను. మిగిలిన చోటు నాది. ఇది ఎవరూ చదవరని తెలుసు. ఇరవయ్యేళ్లు కరపత్రాలు రాసినవాడికి ఎవరూ చదవకపోవడం కొత్తేమీ కాదు.

పొద్దున్నంతా సౌరపలకల మీద ఉప్పు గీకాను. సాయంత్రం ఆట. భీమిలి సముద్రం కిందకి పోయాక, పాడుబడ్డ ఓడల్ని ఒకదానికొకటి గొలుసులతో కట్టి ఊరనిపించుకున్న మాకు శనివారం ఆట ఒక్కటే పండగ. మునిగిన ఊళ్లలోకి దిగే ఈతగాళ్లు బీరువాల్లోంచి, ఇనప్పెట్టెల్లోంచి పాత సినిమాల డ్రైవులు పైకి తెస్తారు. అన్నీ చివికిపోయినవే. ఒకదాంట్లో హీరోయిన్‌కి ముక్కుండదు. ఇంకోదాంట్లో పాట మధ్యలో ఆకుపచ్చ మచ్చ బయల్దేరి తెరంతా పాకుతుంది. వాటినే చూస్తాం. చూశాక వేళ్లెత్తి మార్కులు వేస్తాం. రెండు చేతులూ ఎత్తి వేళ్లన్నీ చాపితే పది. వెల్డింగ్‌లో ఎడమ చెయ్యి పోగొట్టుకున్న దాలయ్య అయిదు చూపిస్తే పది కింద లెక్క. ఆ మాత్రం న్యాయం మా సినిమా సంఘంలో ఇంకా మిగిలుంది.

ఇవాళ్టి బొమ్మ 'నూరూళ్ల మొనగాడు'. హీరో మెరుపు స్టార్ రణభైరవ్. ఆయన పోయి ముప్పై ఏళ్లు. ఊళ్లు మునిగాయి, థియేటర్లు మునిగాయి, కటౌట్లు కట్టిన సరుగుడు కర్రలు కూడా మునిగాయి. అభిమాన సంఘం మాత్రం చక్కగా తేలింది. దాని అధ్యక్షుడు అప్పలకొండ, గొలుసుల మరమ్మతు మేస్త్రీ. హీరో పోయేనాటికి వీడికి పాలపళ్లు కూడా ఊడలేదు. అయినా ఆ పేరు వినపడితే చాలు, కుర్చీలో కూర్చోలేడు.

నేను రెండు వేళ్లు ఎత్తాను. ఫొటోగ్రఫీకి ఒకటి, ఇంటర్వెల్ ఉన్నందుకు ఒకటి.

"రెండేటి మాస్టారూ?" అన్నాడు అప్పలకొండ, పది వేళ్లూ అలాగే గాల్లో ఉంచి. "బాబు కళ్లతో నటించేడు. సూళ్లేదా?"

"చూశాను. ఆ కళ్లతో మూడు గంటలు ఆడవాళ్లని భయపెట్టాడు. దాన్ని మా కాలంలో నటన అనేవాళ్లు కాదు, కేసు అనేవాళ్లు."

"మీకు పేదోళ్ల సినిమాలు తప్ప నచ్చవు."

"ఇందులోనూ పేదవాళ్లున్నారు కదరా. ఆయన చేత తన్నులు తినడానికి."

హాలంతా నవ్వింది. వాడూ నవ్వాడు. సగటు మాత్రం ఎనిమిదిన్నర వచ్చింది. ఈ జనాన్ని నమ్ముకునే నేను బతుకుతున్నాను.

లాగ్ 214

బ్యాటరీ సగం. ఉప్పునీటి యంత్రం దగ్గుతోంది, రేపు విప్పాలి.

ఈ రోజు పతకం సమావేశం. ఏడాదికొకసారి నటనకి ఒకే ఒక్క పతకం ఇస్తాం. అది ఉత్త రాగి బిళ్ల అయితే ఎవరూ కొట్టుకోరు. ఎవరికి పతకం వస్తే వాళ్ల సినిమా రఫ్ఫు మిషనుకి వెళ్తుంది. చిరిగిన పంచెకి రఫ్ఫు చేసినట్టు ఆ మిషను చివికిన సినిమాని పోగు పోగుగా అతికి కొత్తది చేస్తుంది. మధ్యలో పోయిన ఒక్కో బొమ్మ స్థానంలో, అటూ ఇటూ ఉన్న బొమ్మల్ని చూసి తనే కొత్తది అల్లుతుంది. అది తినే కరెంటుకి ఏడాదికి ఒక్క సినిమానే సాధ్యం. మిగతావి చివుకుతూనే ఉంటాయి. రెండేళ్లు పోతే వాటిలో మనుషులుండరు, రంగు మచ్చలుంటాయి. అంటే మేము వేసేది మార్కులు కాదు. ఏ సినిమా బతకాలో చెప్తున్నాం.

నా ఓటు మగ్గాల సమ్మె మీద తీసిన చిన్న సినిమాకి. అందులో ముసలి నటి అన్నం ముద్ద చేతిలో పట్టుకుని తినకుండా కూర్చునే సీను ఒకటుంది. దానికి వచ్చిన చేతులు తొమ్మిది. రణభైరవ్‌కి వచ్చిన చేతులు లెక్కపెట్టడం నాకు ఇష్టం లేదు.

అప్పుడు హైమావతి లేచింది. హైమావతి మా సంఘం కార్యదర్శి, మా మహిళా విభాగానికి నోరూ బుర్రా ఆవిడే. "సినిమా ఎలాగూ వాళ్లదే గెలుస్తుంది. పతకం హీరోకి ఎందుకు వెళ్లాలి? అదే సినిమాలో పళ్లెం పిల్ల లేదూ?" అంది.

ఆ సీను అందరికీ గుర్తే. పనిపిల్ల కాఫీ పళ్లెం తెస్తూ హీరోయిన్ పాదాల మీద ఒలకబోస్తుంది. హీరో చెంప మీద కొడతాడు. చుట్టూ ఉన్న బంధువులు నవ్వుతారు. కొట్టిన క్షణం బొమ్మ చివికిపోయింది, చెయ్యి లేవడం కనిపిస్తుంది, తర్వాత తెరలో ముప్పావు భాగం మచ్చలే. మచ్చలు తేలిపోయాక ఆ పిల్ల నేల మీద కూర్చుని తలెత్తి చూస్తుంది. మాటలేదు. ఆ చూపు ముందు రణభైరవ్ మూడు గంటల నటన ఊక. టైటిల్స్‌లో ఆ పిల్ల పేరు లేదు. జూనియర్ ఆర్టిస్టులకి పేర్లుండవు కదా!

నేను కుర్చీ ఎక్కాను. పేరు లేని మనిషికి పతకం ఇవ్వడం కంటే గొప్ప రాజకీయం ఏముంటుందన్నాను. శతాబ్దం పాటు కోట్లు తిన్నవాళ్లకి బిళ్లలు ఇచ్చాం, కూలికి ఏడ్చినవాళ్లకి ఏమిచ్చామన్నాను. గొంతు పోయేదాకా అన్నాను. ఆడవాళ్లంతా ఇటు వచ్చారు. వంటఓడ వాళ్లు ఇటు వచ్చారు. దాలయ్య తన ఒక్క చెయ్యీ ఇటే ఎత్తాడు. లెక్క చూస్తే సరిసమానం.

చివరికి ఉమ్మడి పతకం అని తీర్మానం. కొట్టినవాడికీ, దెబ్బ తిన్నదానికీ, ఆ ఒక్క సీనుకి. ఇద్దరి తరఫునా ఒప్పుకుంటేనే చెల్లుతుంది, ఒకరు కాదంటే మొత్తం రద్దు అని రాయించాను, రేపు వీళ్లు మెల్లిగా పళ్లెం పిల్ల పేరు తీసేయకుండా.

హీరో సరసన జూనియర్ ఆర్టిస్టు! ఇంటికొచ్చి టీ కూడా తాగకుండా కరపత్రం రాశాను. 'ఆ చూపే మన జెండా.' గొట్టం మైకులో అన్ని ఓడలకీ చదివి వినిపించాను.

లాగ్ 216

బ్యాటరీ సగానికి తక్కువ. మబ్బు.

కరపత్రం పనిచేసింది. నా జీవితంలో మొదటిసారి. భోజనాల దగ్గర పళ్లేలు కింద పడేసి, చెంప పట్టుకుని, ఆ చూపు చూడడం ఒక ఆటైపోయింది. వంటఓడలో ఎవరో చూపు పెడితే పక్కవాళ్లు వేళ్లెత్తి మార్కులు వేస్తున్నారు.

మధ్యాహ్నం నీళ్ల పడవ వచ్చింది. దాన్ని నడిపేది అసిరమ్మ. అరవై అయిదు దాటింది, అన్ని ఓడలకీ నీళ్లు ఆవిడే పంచుతుంది, నా ఈడువాళ్లకి అప్ప, అంటే అక్క, కుర్రాళ్లకి పిన్ని. శనివారాలు ముందు బెంచీలో కూర్చుని ఏ సినిమాకీ నాలుగు వేళ్లకి మించి ఎత్తదు. హీరోలందరి మీదా ఒకటే మాట, "ఎండలో నిలబెట్టి పీపాలు మొయ్యమను, అప్పుడు సూద్దాం." రణభైరవ్ ఆటకి మాత్రం ఎప్పుడూ రాదు. పంపు పనుందంటుంది.

గొట్టం తగిలించి, పంపు తిప్పకుండా నిలబడింది.

"మేష్టారూ. ఏటా కాయితం?"

"విన్నావా అప్పా? ఎలా ఉంది?"

"ఎవుల్నడిగి రాసేవు?"

"అంటే?"

"ఆ పళ్లెం పట్టింది నాను."

నేను నవ్వాను. రాసుకుంటున్నాను కాబట్టి అబద్ధం ఎందుకు, నవ్వాను. ఆవిడ నవ్వలేదు. తలకి కట్టుకున్న తువ్వాలు విప్పి, పడవ అంచున కూర్చుని, కింది నుంచి నా వైపు తలెత్తి చూసింది. నటించలేదు. ఊరికే చూసింది.

తెర మీది చూపే.

"ఇరవయ్యేళ్లు నాకు. సేపల మార్కెట్టు కాడ బస్సెక్కించి తీస్కెల్లేరు, రోజు కూలీ, మజ్జిగన్నం. గాలికి కొడతారు, నువ్వు తల తిప్పు అన్నాడు డైరెట్రు. తిప్పేను. రెండుసార్లు బాగానే వొచ్చింది. ఆ బాబుకి అన్నం ఆలీసమైందో ఏటో, మూడోసారి నిజింగా కొట్టీసేడు. సెవులో గంట మోగింది. కట్ అన్నారు. అందరూ సప్పట్లు కొట్టేరు మేష్టారూ. లైట్లోళ్లు, మొకాలకి ముగ్గుపిండి పూసే ఆడోళ్లు, అందరూ. బాగా సేసేవే అన్నారు. నానేటీ సెయ్యలేదు. అప్పుడింక ఇటేపు నుంచోసారి, అటేపు నుంచోసారి. సాయంత్రం దాకా."

"అప్పా..."

"ఆగు. ఇప్పుడా మిషను ఏటి సేస్తాది? ఆ ముక్క సివికిపోయింది కదా."

ఆవిడకి తెలుసు. అందరికీ తెలుసు. పోయిన బొమ్మని మిషను అల్లుతుంది. సరైనది కుదిరేదాకా వేలసార్లు అల్లి చూసుకుంటుంది. చెయ్యి ఎక్కడ తగిలితే ఈ చూపు వస్తుంది, తల ఎంత తిరిగితే ఈ జుట్టు ఇలా చెదురుతుంది అని కొట్టి కొట్టి చూస్తుంది.

"సముద్రం తినీసింది ఆ దెబ్బని," అంది అసిరమ్మ. "నలబయ్యేళ్లకి. నాకేవులూ సెయ్యలేంది సముద్రం సేసింది. మీరు మళ్లీ కుట్టీకండి."

పంపు తిప్పింది. నీళ్లు పట్టుకున్నాం.

లాగ్ 218

బ్యాటరీ రాయలేదు. రాసే ఓపిక లేదు. ఎవడైనా అడిగితే చెప్తాను.

అత్యవసర సమావేశం పెట్టించాను. విషయం చెప్తే చాలు, సంఘం సిగ్గుతో తల దించుకుంటుందని, పతకం రద్దవుతుందని, వచ్చే వారం మామూలుగా ఇంకో సినిమా మీద కొట్టుకుంటామని అనుకున్నాను. యాభై రెండేళ్లొచ్చాయి నాకు!

అప్పలకొండ లేచాడు. మంచివాడే, అదే బాధ. అసిరమ్మ వైపు తిరిగి, చేతులు కట్టుకుని అన్నాడు: "పిన్నీ, నువ్వంటే మాకు గౌరవం. గాని బాబు అలాటోడు కాదు. నువ్వు బాగా నటించేవు, అది నీకే తెలీదు. అది నటన కాదని రుజువేటి?"

రుజువు! దెబ్బ తిన్నవాళ్లని రుజువు అడగని కాలం ఒకటి వస్తుందని నేను జీవితమంతా రాశాను. అడిగినవాడి మీద నోరు పారేసుకున్నాను. అప్పుడు మా సంఘంలోని సినిమా పండితులు రంగంలోకి దిగారు. దెబ్బ తెలిసిన నటికి చెయ్యి రాకముందే కనురెప్ప కదులుతుంది, తెలియని మనిషికి కదలదు, కాబట్టి సీను బొమ్మ బొమ్మగా ఆపి చూస్తే తేలిపోతుందని ఒకడు. భేష్ అని ఇంకొకడు. దీపాలార్పారు.

వేశారు. ఆపారు. వెనక్కి తిప్పారు. "రెప్ప కదిలింది." "కదల్లేదు, అది మచ్చ." "మళ్లీ వెయ్." మళ్లీ వేశారు. రణభైరవ్ చెయ్యి లేచింది, దిగింది, లేచింది. ఎవరో బెంచీ ఎక్కి తెర దగ్గరికి వెళ్లి ఆ పిల్ల కంటి మీద వేలు పెట్టి చూపించారు. అందరూ ఎంత శ్రద్ధగా ఉన్నారంటే! వీళ్లకి సినిమా అంటే అంత ప్రాణం. నేను కూడా, రెప్ప కదల్లేదని నిరూపించాలన్న కోపంలో, ఇంకోసారి వెయ్యమని అరిచాను. అరిచాక ముందు బెంచీ వైపు చూశాను. అసిరమ్మ అక్కడే కూర్చుని ఉంది. అన్నీ చూస్తూ.

"దీపాలెయ్యండిరా!" అని అరిచాను. వేశారు.

రెప్ప కదల్లేదని తేలింది. అప్పలకొండ తల దించుకున్నాడు. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు లేచింది మా హైమావతి.

"నిజమైన దెబ్బ అని తేలింది కాబట్టే ఈ సినిమాని కాపాడాలి," అంది. "ఇది ఆ పరిశ్రమ చేసిన హింసకి మిగిలిన ఒకే ఒక్క సాక్ష్యం. దీన్ని చివికిపోనిస్తే నేరం చేసినవాడికి సాయం చేసినట్టు. అసిరమ్మగారి బాధ ఆవిడ ఒక్కరిదే కాదు, అందరిదీ."

చప్పట్లు! మా వాళ్లే కొట్టారు. నేను చదువు చెప్పినవాళ్లు.

అసిరమ్మ కూర్చునే అడిగింది. "సాచ్చికం కావాలా?"

"అవునండీ."

"నన్నడుగు. బతికే ఉన్నాను కదా. రోజూ నీ ఓడకి నీళ్లు తెస్తన్నాను."

"మరి మీ తర్వాతండీ? రేపటి తరాలకి?"

"నాను పోయేక కూడా ఆ తెర మీద నన్ను కొట్టిస్తానే ఉంటారా?" అంది. లేచి వెళ్లిపోయింది.

చేతులెత్తారు. సినిమాని ఉంచాలనే ఎక్కువమంది. హీరో కావాల్సినవాళ్లకి హీరో దొరికాడు, సాక్ష్యం కావాల్సినవాళ్లకి సాక్ష్యం దొరికింది. మనిషి కావాల్సినవాళ్లం నలుగురం. నేనూ, దాలయ్యా, వంటఓడ అక్కచెల్లెళ్లిద్దరూ.

లాగ్ 220

బ్యాటరీ బాగుంది. ఎండ బాగుంది. అన్నీ బాగున్నాయి, మనుషులు తప్ప.

మా పతకం తీసుకోవాల్సినవాళ్లు ఎప్పుడూ చచ్చిపోయినవాళ్లే. అందుకని మాకు 'బదులు నిలబడడం' అని ఒక ఆచారం ఉంది. సభ్యుల్లో ఒకరు ఆ నటుడి బదులు వేదికెక్కి, 'నేను' అనే మాట్లాడి పతకం తీసుకుంటారు. బదులు మాట్లాడుతుంటే ఎవరూ అడ్డు రాకూడదు. చివర్లో జనం ఒక ప్రశ్న అడగొచ్చు, దానికీ నటుడిగానే జవాబు. బదులు అన్నది నటుడు అన్నట్టే లెక్క. ఆ మధ్య ఒక హాస్యనటుడి బదులు నిలబడినవాడు ఊపులో "నా డైలాగులన్నీ మా ఆవిడే రాసేది" అనేశాడు. ఆవిడ పేరు ఎవరికీ తెలియదు. అయినా టైటిల్స్‌లో 'మాటలు: ఆయన భార్య' అని చేర్చించాం. ఇలాంటి పిచ్చితనం చూసే ఈ సంఘాన్ని ప్రేమించాను.

ఈసారి పతకం తీసుకోవాల్సిన మనిషి బతికి ఉంది. రానంది. రానంటే ఏం చేయాలో నిబంధనల్లో లేదు. హైమావతి తేల్చేసింది. పతకం తెర మీది పళ్లెం పిల్లకి, నీళ్ల పడవ అసిరమ్మకి కాదు, కాబట్టి బదులు నిలబెడతాం. బతికున్న మనిషి కాదంటుంటే, ఆవిడ బదులు ఇంకో మనిషి 'నేను ఒప్పుకుంటున్నాను' అంటుందట! బదులు ఎవరు? హైమావతే.

"ఇదేం న్యాయం?" అన్నాను.

"మాస్టారూ, ఆ చూపే మన జెండా అన్నది మీరు," అంది. "జెండాని అడిగి ఎగరేస్తామా?"

నా వాక్యం తెచ్చి నా మొహం మీదే కొట్టింది. బూతు మాట ఒకటి అన్నాను. సంఘం మినిట్స్‌లో నమోదు చేశారు.

అక్కడితో అవలేదు. సాయంత్రం అప్పలకొండ వెలిగిపోతూ వచ్చాడు. "మాస్టారూ, గొడవ తీరిపోయింది. పిన్ని ఒప్పుకుంది."

"దేనికి?"

"బాబు బదులు పిన్ని నిలబడతాదంట! తనే వొచ్చి అడిగింది. ఏటేటా బాబు బదులు నానే నిలబడతాను, మరొకడికివ్వను. గాని ఆలోసించేను. దెబ్బ తిన్న మనిషే బాబు తరపున పతకం అందుకుంటే ఇంకెవుడేనా నోరెత్తుతాడా? బాబు మీద మచ్చ పోతాది. పిన్ని మనసు సముద్రం మాస్టారూ."

నేను పడవ తీసుకుని అసిరమ్మ దగ్గరికి వెళ్లాను. పీపాలు కడుగుతోంది.

"వాడి బదులు నువ్వు నిలబడతావా? నిన్ను కొట్టినవాడి బదులు? నీకోసం నేను ఊరందరితో తగువు పడ్డాను!"

"పడమన్నానా?"

"నీ తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి కదా అప్పా!"

"ఉన్నారు కదా నా తరపున మాటాడ్డానికి. మొదట నువ్వు. ఇప్పుడా పిల్ల. నా తరపున మాటాడే కుర్సీ కాళీ నేదు మేష్టారూ. ఆ బాబు కుర్సీయే కాళీగుంది." పీపా బోర్లించింది. "పక్కకి తప్పుకో. తడుస్తావు."

తిరిగొస్తూ ఆవిడ మీద కూడా కోపం తెచ్చుకున్నాను. అలిసిపోయింది, రాజీపడిపోయింది, అందరిలాగే అనుకున్నాను.

లాగ్ 221

ఓడ సంగతులు రేపు రాస్తాను.

హాలు నిండిపోయింది. మెట్ల మీద కూడా జనం. అప్పలకొండ మనుషులు రణభైరవ్ బొమ్మకి రంగు కాగితాల దండ వేశారు. ముందు హైమావతి వేదికెక్కింది. బాగా రాసుకుంది. "నేను పళ్లెం పిల్లని. నా పేరు మీకు తెలియదు. కొట్టబడ్డ అందరి తరఫునా ఈ పతకాన్ని స్వీకరిస్తున్నాను" అంది. చప్పట్లు మోగాయి. నా కరపత్రంలో వాక్యాలు కూడా రెండు ఉన్నాయి. తల పట్టుకున్నాను.

తర్వాత మెరుపు స్టార్ రణభైరవ్.

అసిరమ్మ నీళ్ల పడవ బట్టల్లోనే ఎక్కింది. ఈలలు, కేకలు. ఆవిడ ఆగింది. భుజాలు వెనక్కి లాగింది. గడ్డం కొంచెం పైకెత్తి, ఎడమ చేత్తో చొక్కా కాలర్ సవరించుకుంది, లేని చొక్కాకి. ఈలలు వాటంతటవే ఆగిపోయాయి. ఆ గడ్డం మాకందరికీ తెలుసు. శనివారాలన్నీ దాన్నే చూశాం.

గొంతు కూడా మారిపోయింది. ఆ యాస లేదు.

"నా అభిమానులకి నమస్కారం," అంది. "మీరు నాకు ఈ పతకం ఇచ్చింది ఒక చెంపదెబ్బకి. ఆ రోజు నేను రెండుసార్లు నటించాను. గాలిలో కొట్టాను. ఆ అమ్మాయి తల చక్కగా తిప్పింది. తనకి పని వచ్చు. ఆ రెండూ మీరు చూడలేదు, మా డైరెక్టర్ పారేశాడు. మీరు చూసింది మూడోదీ, దాని తర్వాతవీ. వాటిలో నేను నటించలేదు. తనూ నటించలేదు. నటన లేనిదానికి నటన పతకం తీసుకోవడం మెరుపు స్టార్‌కి తగదు. తిరిగి ఇచ్చేస్తున్నాను."

రాగి బిళ్లని బల్ల మీద పెట్టింది.

ఒకరు కాదంటే మొత్తం రద్దు. పతకం లేదు, రఫ్ఫూ లేదు. నేనే రాయించాను, వేరే అర్థంతో. హైమావతి కాగితాలు మడిచింది. ఆవిడకి అర్థమైంది. అభిమాన సంఘం కుర్రాళ్లు ఇద్దరు లేవబోయారు. అప్పలకొండ చెయ్యి అడ్డం పెట్టి కూర్చోబెట్టాడు. బదులు మాట్లాడుతుంటే అడ్డు రాకూడదు. వాడికి ఆచారం అంటే ఆచారమే. వాడి మొహం చూడలేకపోయాను.

చివర్లో జనం ఒక ప్రశ్న అడగాలి. నాకు వంద ప్రశ్నలున్నాయి, అన్నీ ఉపన్యాసాలే. అప్పలకొండ లేచాడు. అసిరమ్మ వైపు చూస్తూ నిలబడ్డాడు. పిన్నీ అనలేదు.

"బాబూ," అన్నాడు. "ఎందుక్కొట్టేవు బాబూ?"

ఆవిడ ఆలోచించింది. ఆయన ఎలా ఆలోచించేవాడో అలా, కాలర్ మీద చెయ్యి ఉంచుకుని.

"మొదటిసారి చెయ్యి తగిలాక ఆగి చుట్టూ చూశాను," అంది. "డైరెక్టర్ ఏమైనా అంటాడేమో, లైట్ల దగ్గర కుర్రాళ్లు ఏమైనా అంటారేమోనని. కనీసం ఆ ఆడవాళ్లు. ఎవరూ ఏమీ అనలేదు. చప్పట్లు కొట్టారు. అందుకని మళ్లీ కొట్టాను."

గడ్డం దించింది. భుజాలు మామూలుగా వాలాయి. "ఎవురేనా సెయ్యియ్యండర్రా, మెట్టు ఎత్తుగుంది," అంది అసిరమ్మ. అప్పలకొండ వెళ్లి చెయ్యిచ్చి దింపాడు.

అంత గొప్ప నటన నేను తెర మీద చూడలేదు, తెర బయటా చూడలేదు. నా చేతులు వాటంతటవే పైకి లేచాయి. ఒకదానికొకటి తగలబోయి ఆగిపోయాయి. పక్కకి చూశాను. హైమావతి చేతులు, వంటఓడ అక్కచెల్లెళ్ల చేతులు, వెనక వరసలో అభిమాన సంఘం చేతులు, అన్నీ అలాగే గాల్లో ఉన్నాయి. వాటిని ఏం చేసుకోవాలో ఒక్కరికీ తెలియలేదు.